అన్నవాళ్ళే చూపించాలి: రాజకీయ చర్చా గ్రూపుల అడ్మిన్‌లకు, పార్టీల సోషల్ మీడియా విభాగాలకు బహిరంగ లేఖ

అడ్మిన్‌లకు, పార్టీల సోషల్ మీడియా బాధ్యులకు,

నమస్కారం.

అడ్మిన్‌లుగా మీరు జీతం లేకుండా, రోజూ గంటల తరబడి సమయం పెట్టి, వందల మంది వాట్సాప్‌లో ఒకచోట రాజకీయాలు మాట్లాడుకునే వీలు కల్పిస్తున్నారు. అందుకు కృతజ్ఞతలు. ఇదే విషయం మీకు విడిగా మూడుసార్లు రాశాను. మొదటిసారి ‘చూస్తాం’ అన్నారు. రెండోసారి చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. మూడోసారి రాసిన రోజే గ్రూపులో నా మెసేజ్‌లు తీసేయడం మొదలుపెట్టారు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

నా ఫిర్యాదు ఇది. మన చర్చల్లో ఎవరైనా ఒక ఆరోపణ చేస్తే, దాన్ని రుజువు చేసే భారం ఆరోపించినవాళ్ళ మీద ఉండటం లేదు. కాదన్నవాళ్ళ నెత్తిన పడుతోంది. ‘ఆధారం ఏది?’ అని అడిగితే ‘కాదని నువ్వే నిరూపించు’ అంటున్నారు. మీరు చూస్తూ ఊరుకుంటున్నారు.

మొన్నటి ఎన్నికల్లో నాతో పాటు పనిచేసే ఒక టీచరుకు ఓట్ల లెక్కింపు డ్యూటీ పడింది. హాల్లోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. గేటు దగ్గర ఇచ్చేసి, పని అయ్యాక తీసుకోవాలి. ఆవిడ సాయంత్రం డ్యూటీ దిగి, ఫోన్ తీసుకుని, గేటు బయట గోడ పక్కన నిలబడి ఇంటికి ఫోన్ చేశారు. పొద్దున బయల్దేరేటప్పటికే వాళ్ళ పాపకి 103 జ్వరం ఉంది. మెడలో డ్యూటీ కార్డు ఇంకా తీయలేదు. ఎవరో దూరం నుంచి ఫోటో తీశారు. గేటు కనపడకుండా అంచులు కత్తిరించారు. ‘లెక్కింపు హాల్లోంచి ఫోన్‌లో సమాచారం ఇస్తున్న అధికారిణి. మీరే ఆలోచించండి’ అని కింద రాశారు.

రాత్రి తొమ్మిదింటికి అది మీ గ్రూపులోకి వచ్చింది. అప్పటికే దాని మీద ఎన్నోసార్లు ఫార్వర్డ్ అయిందని చెప్పే రెండు బాణాల గుర్తు ఉంది. నేను మూడు ప్రశ్నలు అడిగాను. ఈ ఫోటో తీసిందెవరు? ఏ టైముకి తీశారు? ఇది హాలు లోపల అని ఎలా చెబుతున్నారు? వచ్చిన జవాబు: ‘హాలు లోపల కాదని మీ దగ్గర ప్రూఫ్ ఉందా?’

ఆవిడ మొదట పట్టించుకోలేదు. పది దాటాక బంధువుల ఫోన్లు మొదలయ్యాయి. అప్పుడు గేటు, గోడ కలిసి కనపడే ఫోటో ఒకటి సంపాదించి పెట్టారు. ‘అది వేరే గోడ’ అన్నారు. కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ పెట్టారు: సాయంత్రం ఆరున్నర, ఇంటి నంబరు, నాలుగు నిమిషాలు. ‘స్క్రీన్‌షాట్ మార్చడం ఎంతసేపు’ అన్నారు. చివరికి ఆ సాయంత్రం డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ ఫోటో తీసి పెట్టారు. పాప పేరు, వయసు, బరువు, సిరప్ రోజుకి ఎన్నిసార్లు వేయాలో, అన్నీ దాని మీద ఉన్నాయి. ఎనిమిది వందల మంది ముఖం తెలియని మనుషుల ముందు ఒక తల్లి తన బిడ్డ మందుల చీటీ పెట్టుకోవాల్సి వచ్చింది. దానికీ జవాబు వచ్చింది: ‘జ్వరం ఉంటే మాత్రం ఫోన్‌లో ఇంకేమీ మాట్లాడలేదని గ్యారంటీ ఏంటి?’

ఆ రాత్రంతా ఫోటో పెట్టినాయన్ని ఒక్క అడ్మిన్ కూడా ఒక్క ప్రశ్న అడగలేదు. బట్ట కాల్చి మీద వేయడం ఆయన వంతు, దులుపుకోవడం ఆవిడ వంతు అయింది. దులుపుకుంటూ పోతే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టుందని అన్నారు. మొదట్లో ఊరుకున్నందుకు ‘మౌనం అర్ధాంగీకారం’ అన్నారు. మాట్లాడినా తప్పే, మాట్లాడకపోయినా తప్పే అయితే ఆవిడ ఏం చేయాలి? మీలో ఒక్కరైనా చెప్పండి.

ఇలా అడగడం నా పట్టుదల అని మీకు అనిపించవచ్చు. మనుషులు చర్చించుకోవడం నేర్చుకున్నప్పటి నుంచీ ఉన్న నియమమే నేను అడుగుతున్నది. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన రోమన్ న్యాయసంకలనంలో పౌలస్ అనే న్యాయవేత్త మాట ఒకటి ఉంది: రుజువు చేయాల్సింది ఉందన్నవాడు, లేదన్నవాడు కాదు. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 101వ సెక్షన్‌ది ఇదే మాట. 2024 జూలై 1న దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 104వ సెక్షన్‌గా అదే కొనసాగుతోంది. 1935లో వూల్మింగ్టన్ కేసులో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన బ్రిటన్ ప్రభువుల సభ కూడా, నేరం రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్‌దేనని, తాను నిర్దోషినని నిరూపించుకోవాల్సిన పని ముద్దాయికి లేదని తేల్చింది.

కోర్టుల మాట పక్కన పెడదాం, మన గ్రూపు కోర్టు కాదు అంటారు. సరే, మనం రోజూ వాడే ఒక మాట తీసుకుందాం. అడ్డంగా వాదించేవాళ్ళని ‘వితండవాదం చేయకు’ అంటాం. ఆ మాటకు అర్థం గౌతమ మహర్షి తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాల్లో ఉంది. చర్చ మూడు రకాలని అక్కడ చెప్పారు. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తన పక్షాన్ని నిలబెట్టుకునే పని పెట్టుకోకుండా ఎదుటివాడి మాట కొట్టేయడమే పనిగా పెట్టుకుంటే అది వితండ. ‘నేను చెప్పింది కాదని నువ్వు నిరూపించు’ అని కూర్చునే మనిషి చేస్తున్నది దీనికి దగ్గరి చుట్టం. తన మాటకు ఏ బాధ్యతా తీసుకోడు, ఎదుటివాడు తెచ్చిన ప్రతిదాన్నీ కొట్టేస్తూ పోతాడు.

అదే సంప్రదాయంలో, ఒక మాట అంటే వెంటనే హేతువు చెప్పాలి. ‘ఆ కొండ మీద నిప్పుంది’ అనేది ప్రతిజ్ఞ, అంటే నిరూపించాల్సిన మాట. ‘ఎందుకంటే పొగ కనిపిస్తోంది’ అనేది హేతువు. పొగ చూపించాల్సింది నిప్పుందన్నవాడే. ఇప్పుడు చాలామంది ‘నిప్పు లేనిదే పొగ రాదు కదా’ అంటున్నారు. ఆ తార్కికులు చెప్పిన పొగ కొండ మీద ఎవరికైనా కంటికి కనిపించేది. మన గ్రూపుల్లో పొగ అంటే ఒకే మెసేజ్ పది చోట్ల నుంచి రావడం. ఆ పొగ పుట్టించింది నిప్పు కాదు, ఫార్వర్డ్ బటన్.

కాదని నిరూపించడం ఎందుకంత కష్టమో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ జారిపోతున్నారు. ‘ఆవిడ ఫలానా రోజు, ఫలానా టైముకి, హాలు లోపల, ఫలానా నాయకుడికి ఫోన్ చేశారు’ అని ఎవరైనా అంటే దాన్ని పరిశీలించవచ్చు. కాల్ రికార్డు ఉంటుంది, సీసీ కెమెరా ఉంటుంది. అబద్ధమైతే అబద్ధమని ఒక్క పూటలో తేలిపోతుంది. ‘ఆవిడ ఎవరికో ఏదో చెప్పింది’ అంటే మాత్రం తేల్చడానికి ఏమీ లేదు. ఎవరికి? ఏం చెప్పింది? కాదనడానికి ఆవిడ తన జీవితంలో ప్రతి నిమిషానికీ సాక్ష్యం తేవాలి. ఆరోపణ ఎంత మసగ్గా ఉంటే కాదనడం అంత కష్టం. ఆరోపించేవాళ్ళకి ఇది బాగా తెలుసు. అందుకే పేరు ఉండదు, తేదీ ఉండదు, ‘మీరే ఆలోచించండి’ మాత్రం ఉంటుంది. భారం ఎవరిదో మనం ముందే తేల్చుకుని ఉంటే ఈ మసక మెసేజ్‌లు గ్రూపు గడప దాటి లోపలికి రావు.

శ్రమ లెక్క కూడా చూడండి. ఒకసారి ఒక పాత ఫోటోని కొత్తదిగా పెడితే, అది అసలు ఎప్పటిదో వెతకడానికి నాకు రాత్రి పదకొండు నుంచి రెండింటి దాకా పట్టింది. పెట్టినాయనకి రెండు సెకన్లు పట్టి ఉంటుంది. నేను జవాబు పెట్టి పడుకుని లేచేసరికి ఇంకో నాలుగు ఫోటోలున్నాయి. ఇటలీకి చెందిన ఆల్బెర్టో బ్రాండోలినీ అనే ప్రోగ్రామర్ 2013లో చెప్పిన మాట చాలామందికి తెలిసే ఉంటుంది: చెత్త మాటను పుట్టించడానికి పట్టే శక్తి కంటే దాన్ని ఖండించడానికి పట్టే శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ. 2018లో సైన్స్ పత్రికలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా సుమారు 30 లక్షల మంది పంచుకున్న వార్తల వ్యాప్తిని పరిశీలించి రాశారు. అబద్ధపు వార్త రీట్వీట్ అయ్యే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువ. 1,500 మందిని చేరడానికి నిజమైన వార్తకు అబద్ధపు వార్త కంటే ఆరు రెట్లు సమయం పట్టింది. అన్నిటికంటే దూరం పోయినవి రాజకీయ అబద్ధాలే. ఈ తేడాకు కారణం బాట్లు (వాటంతట అవే పోస్టులు పెట్టే ప్రోగ్రాములు) కాదు, మనుషులేనని కూడా వాళ్ళు తేల్చారు. అంటే మనమే.

‘తర్వాత ఖండన వస్తుంది కదా, నష్టమేముంది’ అని మీలో ఒకరు నాతో అన్నారు. ఒకే మాట పదేపదే వింటే అది నిజమనిపించడం మొదలవుతుందని 1977లోనే హ్యాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో అనే మనస్తత్వ పరిశోధకులు చూపించారు. ఖండన ఒకసారి వస్తుంది. ఆరోపణ వందసార్లు వస్తుంది.

ఇక దీని వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో చెప్తాను.

1. కింది స్థాయి ఉద్యోగులు, టీచర్లు బలైపోతున్నారు. పెద్ద నాయకుడి మీద ఆరోపణ వస్తే లాయర్లుంటారు, ప్రెస్ మీట్ పెడతారు, అనుచరులు ఖండిస్తారు. డ్యూటీకి వచ్చిన టీచరుకి ఎవరున్నారు? 2020 అమెరికా అధ్యక్ష ఎన్నికల తర్వాత జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో జరిగింది చూడండి. ఓట్ల లెక్కింపులో పనిచేసిన తల్లీకూతుళ్ళ మీద, సూట్‌కేసుల్లో దొంగ ఓట్లు తెచ్చారని ఒక వీడియో ముక్క చూపించి ప్రచారం చేశారు. అవి ఓట్ల పత్రాలు పెట్టే మామూలు పెట్టెలే. తల్లి కూతురి చేతికి ఏదో అందించడం వీడియోలో కనిపిస్తే పెన్ డ్రైవ్ అన్నారు. అది అల్లం పిప్పరమెంటు బిళ్ళ అని ఆ కూతురు 2022లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పాల్సి వచ్చింది. బెదిరింపుల వల్ల తల్లి దాదాపు రెండు నెలలు ఇల్లు వదిలి ఉండాల్సి వచ్చింది. మోసం జరిగిందనడానికి ఏమీ లేదని 2023 జూన్‌లో రాష్ట్ర ఎన్నికల బోర్డు విచారణ ముగించింది. ఆ ఆరోపణలు చేసిన న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జులియానీ వాళ్ళకి 14.8 కోట్ల డాలర్లు చెల్లించాలని 2023 డిసెంబరులో జ్యూరీ తీర్పు ఇచ్చింది. మూడేళ్ళు పట్టింది. వాళ్ళకి కోర్టు దాకా వెళ్ళే దారి దొరికింది. మా సహోద్యోగి మాత్రం వచ్చే ఎన్నికలకి డ్యూటీ వద్దని ఇప్పటి నుంచే అర్జీ పెట్టుకున్నారు. పదిహేనేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పించుకోని మనిషి ఆవిడ.

2. నిజమైన తప్పులు దాక్కుంటున్నాయి. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఓటరు లిస్టులో పేరు నిజంగానే గల్లంతైన మనిషి, ఓటరు కార్డు, పాత లిస్టు, కొత్త లిస్టు మూడూ జత చేసి మీ గ్రూపులో పెట్టారు. తేదీలున్నాయి, నంబర్లున్నాయి. దాని పైన పది, కింద పది గాలివార్తలున్నాయి. ఎవరూ పట్టించుకోలేదు. అడ్డమైన ఆరోపణలన్నీ ఒకే బరువుతో చలామణి అయితే, తప్పు చేసినవాడికి పండగే. ‘సోషల్ మీడియాలో ఇలాంటివి వందొస్తాయి’ అని చేతులు దులిపేసుకుంటాడు.

3. మాట్లాడదగినవాళ్ళు మాట్లాడటం మానేస్తున్నారు. ‘ఆధారం ఏది’ అని అడిగిన ప్రతిసారీ ‘నువ్వు ఎవరి మనిషివి’ అనే ప్రశ్న వస్తోంది. నన్ను ఒకే వారంలో ఒక పార్టీ ఏజెంటునని కొందరు, దానికి ఎదురు పార్టీ ఏజెంటునని కొందరు అన్నారు. రెండు నెలల్లో మీ గ్రూపు నుంచి నాకు తెలిసిన ఆరుగురు వెళ్ళిపోయారు. ఆరుగురూ లెక్కలు, కాగితాలు చూసి మాట్లాడేవాళ్ళే.

4. కొన్నిసార్లు చేయి దాటిపోతుంది. 2016లో వాషింగ్టన్‌లోని ఒక పిజ్జా రెస్టారెంట్ నేలమాళిగలో పిల్లల్ని బంధించారని, దాని వెనక రాజకీయ నాయకులున్నారని ఆన్‌లైన్‌లో ప్రచారం జరిగింది. యజమానిని వేధించారు. డిసెంబరు 4న ఒకాయన తుపాకీతో లోపలికి వెళ్ళి కాల్పులు జరిపాడు. లోపల పిల్లలెవరూ లేరు. ఆ భవనానికి అసలు నేలమాళిగే లేదు. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. లేని నేలమాళిగలో ఏమీ జరగలేదని ఆ యజమాని ఎలా నిరూపించగలడు?

నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళు చెప్పేదాంట్లో పస ఉంది కాబట్టి జవాబు ఇవ్వాలి.

‘సామాన్యుడికి ఆధారాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఫైళ్ళు అధికారుల దగ్గర, లెక్కలు పార్టీల దగ్గర ఉంటాయి. ఆధారం లేనిదే నోరెత్తొద్దంటే పెద్దవాళ్ళని ప్రశ్నించేదెవరు?’ ఇది న్యాయమైన ప్రశ్న. దీనికీ చట్టంలో జవాబు ఉంది. ఒక విషయం ప్రత్యేకంగా ఎవరికి మాత్రమే తెలుసో, దాన్ని రుజువు చేసే భారం వాళ్ళదేనని పాత సాక్ష్య చట్టం 106వ సెక్షన్ చెప్పింది. టికెట్ లేకుండా రైలెక్కాడని అభియోగం వస్తే, టికెట్ ఉందని చూపించాల్సింది ప్రయాణికుడేనని అందులోనే ఉదాహరణ ఇచ్చారు. ఎందుకంటే టికెట్ ఉండేది ఆయన జేబులోనే. కాబట్టి ‘ఈ రోడ్డుకి ఎంత ఖర్చయింది, బిల్లులు చూపించండి’ అని ప్రభుత్వాన్ని అడగడానికి సామాన్యుడి చేతిలో ఏ ఆధారమూ ఉండక్కర్లేదు. బిల్లులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి, చూపించాల్సిన బాధ్యత వాళ్ళదే. చూపించకపోతే మళ్ళీ మళ్ళీ అడగండి, నేనూ మీతో కలిసి అడుగుతాను. కానీ ‘ఆ రోడ్డు డబ్బు ఫలానా ఇంజనీరు తినేశాడు’ అంటే అది అడగడం కాదు, చెప్పడం. చెప్పినవాళ్ళే చూపించాలి. అధికారం ఉన్నవాళ్ళని లెక్క అడగడానికీ, ఒక మనిషి మీద మచ్చ వేయడానికీ తేడా ఉంది.

‘నేను జస్ట్ ప్రశ్న అడిగాను’ అనేది ఇంకో మాట. ‘ఆవిడ ఫోన్‌లో ఎవరితో మాట్లాడుతోంది?’ అనేది ప్రశ్నే. ‘ఆవిడ ఎవరికి అమ్ముడుపోయింది?’ అనేది ప్రశ్న రూపంలో ఉన్న తీర్పు. అమ్ముడుపోయిందని ముందే తేల్చేశాక ఎవరికి అని మాత్రమే అడుగుతున్నారు. తెలుగు చదవడం వచ్చిన ఎవరికైనా ఈ తేడా తెలుస్తుంది.

ఈ నియమాన్ని కూడా వక్రంగా వాడేవాళ్ళుంటారని ఒప్పుకుంటాను. ప్రభుత్వ వెబ్‌సైట్ లింకు ఇస్తే దానికి ఆధారం, దానికి మళ్ళీ ఆధారం అని అడుగుతూ మనిషిని అలసిపోయేలా చేయడం కూడా ఒక ఎత్తుగడే. కొత్తగా ఇంకోటి మొదలైంది. తమ నాయకుడి నిజమైన వీడియో బయటికొస్తే ‘అది డీప్‌ఫేక్’ (కంప్యూటర్‌తో తయారుచేసిన నకిలీ వీడియో) అని ఒక్క మాటతో కొట్టేస్తున్నారు. డీప్‌ఫేక్ అనడం కూడా ఒక ఆరోపణే. అలా అన్నవాళ్ళు కూడా చూపించాలి. నియమం రెండు వైపులా వర్తించకపోతే నాకొద్దు.

ఇంకో సంగతి. రుజువు కానంత మాత్రాన అబద్ధమని కాదు. ‘ఇంకా తేలలేదు’ అనే మాటకి మన చర్చల్లో చోటే లేకుండా పోయింది. ‘నాకు తెలియదు’ అన్నవాళ్ళని పిరికివాళ్ళన్నట్టు చూస్తున్నారు.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. మొదటి నాలుగూ అడ్మిన్‌లకి, ఐదోది పార్టీలకి.

1. ‘అన్నవాళ్ళే చూపించాలి’ అనే నియమాన్ని గ్రూపు వివరాల్లో మొదటి లైనులో పెట్టండి. ‘కాదని నువ్వే నిరూపించు’ అనేదాన్ని జవాబుగా లెక్కించకండి. అలా అన్నప్పుడల్లా అడ్మిన్ కలగజేసుకుని, ‘ముందు మీ ఆధారం పెట్టండి’ అని ఒక్క లైను రాస్తే చాలు.

2. నాయకులు కాని మామూలు మనిషి ముఖం, పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు ఉన్న ఆరోపణ వస్తే, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడిటికీ జవాబు వచ్చేదాకా దాన్ని గ్రూపులో ఉంచకండి. అడ్మిన్‌కి ఎవరి మెసేజ్ అయినా తీసేసే వీలు వాట్సాప్‌లో ఉంది. ఆ వీలుని ఇప్పటిదాకా నా మెసేజ్‌ల మీదే వాడారు. నాయకుల విషయంలో ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు, వాళ్ళకి జవాబు చెప్పుకునే వేదికలున్నాయి.

3. ‘నిజమో కాదో తెలీదు, వచ్చింది వచ్చినట్టు పెడుతున్నా’ అనే మాటని ఒప్పుకోకండి. నిజమో కాదో తెలియకపోతే పెట్టకూడదు. పెట్టినవాళ్ళే దానికి బాధ్యులు. ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ పరిమితి పెట్టింది. ఆ రెండు బాణాల గుర్తు కనిపించిన ప్రతి రాజకీయ మెసేజ్‌కీ మూలం అడగడం అలవాటు చేయండి.

4. తప్పని తేలితే, ఎవరు పెట్టారో వాళ్ళే, అదే గ్రూపులో, ‘నేను పెట్టింది తప్పు’ అని రాయాలి. గుట్టుగా డిలీట్ చేస్తే సరిపోదు. అప్పటికే చూసినవాళ్ళకి డిలీట్ కనపడదు.

5. పార్టీల సోషల్ మీడియా విభాగాలకు: మీ అధికారిక పేజీలో పెట్టడానికి భయపడే ఆరోపణని కార్యకర్తల గ్రూపుల్లోకి వదలకండి. మీరు పెట్టే ప్రతి అంకె కింద అది ఏ రిపోర్టు, ఏ సంవత్సరం, ఏ పేజీ అన్నది రాయండి. ఎదుటి పార్టీ రాయదు కాబట్టి మేమూ రాయం అనకండి, ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. మీ దగ్గర డబ్బుంది, మనుషులున్నారు, ఆఫీసులున్నాయి. రాత్రి రెండింటి దాకా మేలుకుని పాత ఫోటోలు వెతకాల్సిన పని మాది కాదు.

గ్రూపులో ఉన్న మిగతా మిత్రులకి ఒక్క విన్నపం. అడ్మిన్ కలగజేసుకోకపోయినా మీరు అడగొచ్చు. ఆరోపణ మీకు నచ్చని పార్టీ మీద అయినప్పుడు కూడా అడగండి. నేను కూడా ఈ విషయంలో తప్పు చేశాను. నాకు ఇష్టం లేని ఒక నాయకుడి ఆస్తుల గురించి వచ్చిన మెసేజ్‌ని, అంకె ఎక్కడిదో చూడకుండా ఇద్దరికి పంపాను. తర్వాత ఆయన అఫిడవిట్ చూస్తే ఆ అంకె అందులో లేదు. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను. ఒకాయన అప్పటికే నలుగురికి పంపారట.

ఈ లేఖకు పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వమని కోరుతున్నాను. ఒప్పుకుంటారో లేదో, ఒప్పుకోకపోతే ఎందుకో గ్రూపులోనే రాయండి. నా మెసేజ్‌లు మళ్ళీ తీసేసినా ఫరవాలేదు.

అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. మా సహోద్యోగి ఫోటో మీ గ్రూపులో ఇంకా అలాగే ఉంది. దాని కింద వాళ్ళ పాప మందుల చీటీ కూడా ఉంది. ఆవిడ తను పెట్టిన దాన్ని తీసేయాలని చూసేసరికి డిలీట్ చేసే గడువు దాటిపోయింది. అడ్మిన్‌గా మీరు తీయగలరేమో చూడండి. ఆ చీటీని వేరే గ్రూపులకి పంపినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి వాళ్ళు కూడా తీసేయండి.

ఇట్లు,
మీ గ్రూపులో ఆరేళ్ళుగా ఉన్న ఒక సభ్యురాలు, ఉపాధ్యాయురాలు